మునస్వామి అలియాస్ చెంగల్రాయుడు: ఒక వంశవృక్షాన్ని సరిదిద్దిన తీరు

నేపథ్యం

చిత్తూరులో చాలాకాలం దస్తావేజు లేఖరిగా పనిచేసి, ఆ పని మానుకున్న తరువాత, అడిగినవారికి వారి పూర్వీకుల వివరాలు వెతికిపెట్టే పనిలో పడ్డాను. వచ్చేవారిలో ఎక్కువమంది సామాన్య సేద్యగాళ్ల కుటుంబాలవారే. వారికి శాసనాలూ తామ్రపత్రాలూ ఉండవు. మూడో తరం దాటితే పేరు కూడా అనుమానమే. అటువంటి ఒక కుటుంబం కథను, వారి అనుమతితో, పేర్లన్నీ మార్చి, గ్రామాల పేర్లు వదిలేసి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది, అది చిన్నది కాదు.

నన్ను కలిసినావిడ తిరుపతిలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయిని. ఇక్కడ రాజేశ్వరమ్మ అంటాను. వారి స్వగ్రామం పాత పుత్తూరు తాలూకాలో, ఒకప్పటి కార్వేటినగరం జమీందారీలో ఉండేది. ఆవిడ పేరు ముందు ‘ఎం.’ అనే అక్షరం ఉంది. అది ఇంటిపేరా, ఊరిపేరా, పెద్దల పేరా అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు. చిత్తూరు జిల్లాలో ఇది మామూలు విషయమే. అరవదేశపు పొరుగు వల్ల మనలో చాలామందికి ఇంటిపేరు వాడుక పోయి ఇనీషియల్ మిగిలింది, ఆ ఇనీషియల్ ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థంతో వచ్చింది. ఊళ్ళో మాత్రం వారిని ‘మునస్వామోళ్ళు’ అంటారు కనుక ‘ఎం.’ అంటే మునస్వామి అని ఆవిడ అనుకున్నారు. ఆ మునస్వామి ఎవరో, ఆయన ఎక్కడినుంచి వచ్చాడో తెలుసుకోవాలన్నదే ఆవిడ కోరిక. ఆస్తి తగాదా ఏమీ లేదు. ఈ మాట మొదటే అడిగి రూఢి చేసుకున్నాను, ఎందుకంటే తగాదా ఉన్నచోట జ్ఞాపకాలు కూడా వాది, ప్రతివాది అయిపోతాయి.

మొదట దొరికినవి

ఆవిడ మేనత్త దాదాపు తొంభై ఏళ్ళ మనిషి. చూపు తగ్గింది కానీ మాట తడబడదు. ఆమె చెప్పినదాని ప్రకారం ఆమె తండ్రి దొరస్వామి, దొరస్వామి తండ్రి మునస్వామి. మరి చెంగల్రాయుడు అనే పేరు కూడా ఇంట్లో వినిపిస్తుంది కదా అని అడిగితే, “ఆయనా ఈయనా ఒకటే నాయనా, ఒక మనిషికి రెండు పేర్లు ఉండవా?” అన్నారు. ధాత నామ సంవత్సరపు కరువులో తిరుత్తణి పక్కనుంచి వచ్చి ఇక్కడ నిలిచారనీ, విషజ్వరాల ఏడాది చనిపోయారనీ కూడా చెప్పారు.

ఇంటి పురోహితుల పాత పుస్తకంలో మునస్వామి తిథి దొరికింది: కాళయుక్తి నామ సంవత్సరం, ఆశ్వయుజ బహుళ పక్షం. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కనుక కాళయుక్తి 1858లోనూ పడుతుంది, 1918లోనూ పడుతుంది, 1978లోనూ పడుతుంది. విషజ్వరాల మాటను బట్టి, అంటే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చిన ఆ శరదృతువును బట్టి, 1918 అని నిర్ణయించాను. ఈ నిర్ణయం చివరిదాకా నిలబడింది.

తరువాత రెవెన్యూ రికార్డులు చూశాను. జమీందారీ గ్రామాలలో పనిచేసేవారికి ఒక ఇబ్బంది ఉంది. రైత్వారీ గ్రామాలలో ప్రభుత్వమే రైతువారీగా సెటిల్‌మెంట్ చేసింది కనుక పాత పట్టాదారుల పేర్లు సర్కారు పుస్తకాలలో దొరుకుతాయి. జమీందారీలో రైతుకు పట్టా ఇచ్చేది జమీ, లెక్కలు ఉండేది జమీ కచేరీలో. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చిన తరువాతే సర్కారు సర్వే, సెటిల్‌మెంటు జరిగి, ఏ భూమి ఎవరిదో రాసే ఫెయిర్ అడంగల్ అనే రికార్డు తయారైంది. అంతకు ముందటి మనిషిని రెవెన్యూ పుస్తకంలో వెతకడం ఎండిన బావిలో చేద వేయడమే. కరణం ఇంట్లో ఏమైనా మిగిలిందేమోనని చూశాను. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్ళలో జరిగినట్టే ఇక్కడా కొన్ని కట్టలు అప్పగింతకు వెళ్ళాయి, కొన్ని అటక మీదే ఉండి చెదలపాలయ్యాయి. ఫెయిర్ అడంగల్‌లో మాత్రం దొరస్వామి పేరుంది, తండ్రి పేరు చెంగల్రాయుడు అని ఉంది.

మేనత్త మాటకు ఇది సరిపోయింది అనుకున్నాను. ఇంట్లో మునస్వామి, కాగితంలో చెంగల్రాయుడు, కనుక ఇద్దరూ ఒకరే. వంశవృక్షంలో ‘మునస్వామి అలియాస్ చెంగల్రాయుడు’ అని రాసి, మరణం 1918 అని వేసి, ముసాయిదా ఆవిడకు ఇచ్చేశాను. ఇదే నా తప్పు. పొంతన లేని రెండు ఆధారాలు ఎదురైనప్పుడు ‘అలియాస్’ అనే మాట చాలా సులువుగా కలానికి వస్తుంది. రెండు పేర్లున్న మనుషులు నిజంగానే ఉంటారు కనుక అది అబద్ధంలా కనిపించదు. కానీ ఆ ఇద్దరూ ఒకరేనని చెప్పే మూడో ఆధారం నా దగ్గర లేదు. రెండు ఆధారాలను కలపడానికి నేను వేసిన కుట్టునే ఆధారంగా లెక్కపెట్టుకున్నాను.

పొసగని పెళ్లి

ముసాయిదా చూసి రాజేశ్వరమ్మగారు సంతోషించారు. వారం తరువాత ఫోన్ చేసి, వృక్షంలో ఒక కొమ్మ చేర్చమన్నారు. మునస్వామికి ఒక తమ్ముడు ఉన్నాడని, ఆ తమ్ముడి మనవడికే తమ తాత దొరస్వామి చెల్లెలిని ఇచ్చారని, ఆ కుటుంబం ఇప్పటికీ అదే ఊళ్ళో ఉందని చెప్పారు. నేను కాగితం మీద ఆ గీత గీయబోయి ఆగిపోయాను.

దొరస్వామి మునస్వామి కొడుకైతే, దొరస్వామి చెల్లెలు మునస్వామి కూతురు. ఆమెకూ మునస్వామి తమ్ముడి మనవడికీ వరుస ఏమవుతుంది? ఒకే గోత్రం, ఒకే మైల, దాయాదులు. ఆమె అతనికి తండ్రి చెల్లెలి వరుస, అంటే సాక్షాత్తూ మేనత్త. మన పల్లెల్లో అక్క కూతురిని చేసుకుంటారు, మేనరికం చేసుకుంటారు, కానీ ఈ పెళ్లి ఏ కాలంలోనూ ఏ పెద్దమనిషీ జరగనివ్వడు. పెళ్లి జరిగిన మాట మాత్రం నిజం, వారి పిల్లలు ఉన్నారు. కనుక తప్పు పెళ్లిలో లేదు, నా వృక్షంలో ఉంది.

వెంటనే నిర్ధారణకు రాలేదు. ఆ ‘తమ్ముడు’ సొంత తమ్ముడు కాకపోవచ్చు, వరుసకు తమ్ముడో, చేరదీసిన పిల్లవాడో కావచ్చు. మేనత్తను మళ్ళీ కలిసి, ఆ ఇంటి పెద్దలను ఏమని పిలిచేవారని అడిగాను. ‘మామా’ అని పిలిచేదాన్నన్నారు. దాయాదులైతే ‘చిన్నాయనా’ అనాలి. అయితే తన మేనత్తను ఆ ఇంటికే ఇచ్చారు కనుక ఆ బాంధవ్యం వల్ల కూడా ‘మామా’ పిలుపు వచ్చి ఉండవచ్చు. అందువల్ల దీన్ని సాక్ష్యంగా తీసుకోలేదు.

ఆ తరువాత ఇంకో రెండు విషయాలు నన్ను నెమ్మదిగా తొలవడం మొదలుపెట్టాయి. దొరస్వామి తన తల్లిదండ్రులకు పెద్దకొడుకు, ఆయన తమ్ముడి పేరు మునస్వామి. పెద్దకొడుక్కి తండ్రి వైపు తాత పేరు, రెండోవాడికి తల్లి వైపు తాత పేరు పెట్టడం మన వాడుక. తండ్రి బతికి ఉండగా కొడుక్కి తండ్రి పేరే పెట్టడం ఎక్కడా చూడం. మునస్వామి తండ్రి అయితే ఆ పేరు రెండో కొడుక్కి ఎలా వచ్చింది? రెండో విషయం మొక్కులది. రాజేశ్వరమ్మగారి ఇంట్లో ప్రతి ఆడికృత్తికకు తిరుత్తణికి కావడి ఎత్తే మొక్కు తరతరాలుగా ఉంది. మునస్వామి తమ్ముడి సంతతికి ఆ మొక్కు లేదు. అన్నదమ్ముల ఇళ్ళలో ఇంటిదేవుడు వేరుగా ఉండడం అరుదు.

ఇవన్నీ మేనత్త నాకు మొదటిరోజే చెప్పిన సంగతులు. నా నోటుపుస్తకంలో ఉన్నాయి. అలియాస్ రాసేటప్పుడు ఆ పేజీ తిప్పి చూడలేదు.

వృథా అయిన ప్రయత్నాలు

ఆవిడ కుమారుడు అమెరికాలో ఉంటారు. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా అన్నారు. వద్దన్నాను. అటువంటి పరీక్షలో ఇప్పటికే పరీక్ష చేయించుకున్నవారితోనే పోలిక దొరుకుతుంది, మన పల్లెల నుంచి చేయించుకున్నవారు బహు తక్కువ. అంతకన్నా ముఖ్యంగా, తరతరాలుగా మేనరికాలు జరిగిన కుటుంబాలలో దూరపు చుట్టాలు కూడా దగ్గరి చుట్టాల్లాగా కనబడతారు. మన ప్రశ్న ‘చుట్టమా కాదా’ అన్నది కాదు, ‘తండ్రి వైపా, తల్లి వైపా’ అన్నది. యాత్రికుల వంశవివరాలు రాసి ఉంచే గయ పండాల పుస్తకాలు చూడవచ్చుననే ఆలోచన కూడా వచ్చింది కానీ, ఆ కుటుంబంలో ఎవరూ గయకు వెళ్ళిన జ్ఞాపకం లేదు. దొరస్వామి బడికి వెళ్ళలేదు కనుక అడ్మిషన్ రిజిస్టరూ లేదు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే 1983కు ముందటిది కంప్యూటర్‌లో రాదు, పాతది చేతితో వెతికించుకోవలసిందే. వెతికించాను కూడా. మునస్వామి పేరు మీద గానీ చెంగల్రాయుడి పేరు మీద గానీ ఆ పొలాన్ని అమ్మిన పత్రమూ, కొన్న పత్రమూ లేవు. అమ్మని, కొనని మనిషి రిజిస్ట్రేషన్ పుస్తకంలోకి రాడు.

హద్దుల్లో దొరికిన మనిషి

ఇక్కడ నా పాత వృత్తి పనికి వచ్చింది. ఒక మనిషి జీవితమంతా ఒక్క దస్తావేజు కూడా రాయించకపోవచ్చు. కానీ అతని పొలం పక్కవాడు రాయించి ఉంటాడు. పక్కవాడి దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు హద్దులు, రాసేటప్పుడు ‘తూర్పు: ఫలానావారి భూమి’ అని ఇతని పేరు రాయక తప్పదు. కనుక వెతకవలసింది మునస్వామి దస్తావేజులు కాదు, మునస్వామికి నాలుగువైపులా ఉన్నవారి దస్తావేజులు.

ఊరి నక్షా, ఒక్కో సర్వే నెంబరు కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటాలు ముందు పెట్టుకుని, ఇప్పటి సర్వే నెంబర్ల ప్రకారం ఆ పొలానికి ఆనుకుని ఉన్న భూములు ఏవో గుర్తించాను. పాత పత్రాలలో ఇప్పటి నెంబర్లు ఉండవు, పాత కొలతల నాటి పైమాషు నెంబర్లు ఉంటాయి. నెంబర్లతో పని కాక, వంక, పాతబావి, చింతచెట్టు ఉన్న గట్టు వంటి గుర్తులతో పోల్చుకోవలసి వచ్చింది. నాలుగు కుటుంబాల ఇళ్ళకు వెళ్ళాను. ఇద్దరు పెట్టె తెరవలేదు. తప్పు లేదు, ఈ రోజుల్లో భూమి కాగితం అడిగినవాణ్ణి ఎవరు నమ్ముతారు? మూడో ఇంట్లో కాగితాలు లేవు. నాలుగో ఇంట్లో రేకు ట్రంకుపెట్టెలో ఆ ఒక్క పొలం చెక్కకు సంబంధించిన క్రయ దస్తావేజులు రెండు వరసగా ఉన్నాయి: 1909లో ఒకటి, 1923లో ఒకటి. అవి ఉన్నాయని తెలిసిన తరువాత రిజిస్ట్రార్ కార్యాలయంలోని మొదటి పుస్తకంతో సరిపోల్చుకున్నాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి పత్రాలు నకలు చేసే ఆ పుస్తకాన్నీ దాని సూచికలనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాల పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు.

1909 పత్రంలో ‘తూర్పు: మునస్వామి సేద్యపు భూమి’ అని ఉంది. 1923 పత్రంలో అదే చోట ‘తూర్పు: మునస్వామి అల్లుడు చెంగల్రాయుడు భూమి’ అని ఉంది.

ఇక్కడ తొందరపడలేదు. చెక్కుబందీని గుడ్డిగా నమ్మకూడదని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. లింకు డాక్యుమెంటు, అంటే అదే భూమి పాత దస్తావేజు, ముందు పెట్టుకుని పాత హద్దులనే దించేసిన సందర్భాలు నా చేతిమీదుగానే ఉన్నాయి. చనిపోయి ముప్ఫై ఏళ్ళయినవాడు హద్దుల్లో బతికే ఉంటాడు. అయితే ఆ అలవాటు వల్ల వచ్చే తప్పు ఒక్క వైపే జరుగుతుంది: పాత పేరు నిలిచిపోతుంది. కొత్త పేరు తనంతట తాను పుట్టుకురాదు. 1909 పేరును అలాగే దించకుండా 1923లో లేఖరి మార్చాడంటే, ఊరివారు ఎవరో పక్కన నిలబడి చెప్పి ఉండాలి. కనుక పేరు నిలిచి ఉన్న చెక్కుబందీ కన్నా పేరు మారిన చెక్కుబందీ బలమైన సాక్ష్యం. పైగా పురోహితుల పుస్తకంలోని 1918 మరణం మునస్వామిదే అయితే, 1923 నాటికి హక్కుదారు మారడం సరిగ్గా సరిపోతుంది. చెంగల్రాయుడు అప్పటికి బతికి ఉన్నాడు. అలియాస్ అక్కడితో తెగిపోయింది.

మిగిలిన చిక్కు ‘అల్లుడు’ అనే మాట. కూతురి భర్తనూ అల్లుడే అంటాం, అక్కచెల్లెళ్ళ కొడుకునూ అల్లుడే అంటాం. మునస్వామికి మగపిల్లలు లేక మేనల్లుడిని పెంచుకున్నాడా, కూతురికి ఇల్లటం తెచ్చుకున్నాడా? మొదటిదైతే చెంగల్రాయుడి భార్య బయటినుంచి వచ్చి ఉంటుంది, రెండోదైతే ఆమె మునస్వామి కూతురు. ఇల్లటం ఈ ప్రాంతపు సేద్యగాళ్ల ఇళ్ళలో పాత ఆచారం. రెడ్డి, కమ్మ కుటుంబాలలో ఈ ఆచారాన్ని కోర్టులు కూడా గుర్తించాయి. మగసంతానం లేని ఇంటికి అల్లుడు వచ్చి సేద్యం చేస్తాడు, మామకు కొడుకులా ఆస్తి అనుభవిస్తాడు. కానీ అతడు దత్తుడు కాడు. పుట్టింటి గోత్రం పోదు, పుట్టింటి వాటా కూడా అతనంతట అతను వదులుకుంటే తప్ప పోదు. ఈ చివరి నియమమే నాకు తరువాతి దారి చూపింది. ఇల్లటం వచ్చినవాడైతే, అతని పుట్టింట్లో ఎక్కడో అతని వాటా గురించిన కాగితం ఉండాలి.

ఈసారి సూచికలో పొలాన్ని వదిలి, చెంగల్రాయుడి పేరుతో తనఖాలు వెతికించాను. 1926లో ఇంటి దొడ్డికి సంబంధించిన ఒక చిన్న తనఖా పత్రం దొరికింది. చెంగల్రాయుడి నిశాని ఉంది, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. పత్రంలో విశేషం ఏమీ లేదు. సాక్షుల్లో ఒకడు మాత్రం ‘తిరుత్తణి తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, దొరస్వామి కుమారుడు’. ఊళ్ళో పదిమంది ఉండగా, ఒక చిన్న తనఖాకు సాక్షి సంతకం పెట్టడానికి ఒక మనిషి బండి కట్టుకుని తిరుత్తణి తాలూకానుంచి ఎందుకు వస్తాడు? చుట్టమైతే వస్తాడు. అదీ కాక, అతని తండ్రి పేరు దొరస్వామి, చెంగల్రాయుడి పెద్దకొడుకు పేరు దొరస్వామి.

తిరుత్తణి తాలూకా 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ ఏడాది సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అందువల్ల ఆ పక్కన పాత పత్రాలు ఎన్నో తెలుగులో ఉంటాయి, వాటిని దాచుకున్న ఇళ్ళలోని పిల్లలకు మాత్రం తెలుగు చదవడం రాదు. తమిళం బాగా వచ్చిన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని ఆ గ్రామానికి వెళ్ళాను. సాక్షి సంతతివారు ఉన్నారు. మునిమనవడు పెట్టెలోనుంచి తీసి ఇచ్చిన కాగితాల్లో, అతను చదవలేని ఒక తెలుగు పత్రం ఉంది: 1931 నాటి హక్కు విడుదల దస్తావేజు. ‘పుత్తూరు తాలూకాలో మునస్వామి కుమార్తెను వివాహమాడి ఇల్లటం ఉన్న’ చెంగల్రాయుడు, తన తండ్రి దొరస్వామి తాలూకు ఆస్తిలో తన వాటాకు బదులు నగదు పుచ్చుకుని, తమ్ముడి పేర విడుదల రాసి ఇచ్చాడు. దాన్ని నేనే గట్టిగా చదివి వినిపించాను. తమ పూర్వీకుడి అన్న ఎక్కడికి వెళ్ళాడో ఆ ఇంట్లోనూ ఎవరికీ తెలియదు.

తేలినది

రాజేశ్వరమ్మగారి తండ్రి, ఆయన తండ్రి దొరస్వామి, ఆయన తండ్రి చెంగల్రాయుడు, ఆయన తండ్రి తిరుత్తణి తాలూకా దొరస్వామి. మునస్వామి వీరికి తండ్రి వైపు పూర్వీకుడు కాడు, తాత దొరస్వామికి తల్లి తండ్రి. మునస్వామి తమ్ముడి మనవడు తాత చెల్లెలికి మేనమామ కొడుకు వరుస, అంటే బావ. పెళ్లి చక్కగా పొసిగింది. ఇంటి పేరు భూమిని అనుసరించింది, కావడి మొక్కు రక్తాన్ని అనుసరించింది. ధాత కరువు కథ, అంటే 1876–77 నాటిది, చెంగల్రాయుడిది కాజాలదు. 1926లో పత్రాలు రాయిస్తూ, 1931లో వాటా వదులుకున్న మనిషి అప్పటికి పుట్టాడో లేదో. అది మునస్వామి ఇంటి కథ అయి ఉండవచ్చు. తిరుత్తణి ముక్క చెంగల్రాయుడిది, కరువు ముక్క మునస్వామిది, రెండూ చెప్పుకుని చెప్పుకుని ఒకటైనట్టున్నాయి. ఇది నా ఊహ కనుక వృక్షంలో రాయలేదు, పక్కన పెన్సిల్‌తో రాసి ఇచ్చాను.

పెద్ద దొరస్వామి తండ్రి పేరు ఎక్కడా దొరకలేదు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే వాడుకను బట్టి అది చెంగల్రాయుడు అయి ఉంటుందని చెప్పడం చాలా తేలిక. ఒకసారి అటువంటి తేలికైన పని చేసి ఉన్నాను. ఆ గడి ఖాళీగా వదిలాను.

ఇప్పుడు నా పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. వంశవృక్షం గీసిన తరువాత, దానిలోని ప్రతి పెళ్లికీ వరుస సరిపోతుందో లేదో విడిగా చూస్తాను. మన సమాజంలో దీన్ని మించిన తనిఖీ లేదు, కాగితం తప్పు రాయవచ్చు గానీ పెళ్లి పెద్దలు వరుస తప్పరు. రెండోది, అలియాస్ రాయవలసి వస్తే, ఆ రెండు పేర్లూ ఒకే వాక్యంలో ఉన్న పాత కాగితం చూపగలిగితేనే రాస్తాను.

ఫలితాన్ని రాజేశ్వరమ్మగారికి ఒంటరిగా, ముఖాముఖి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. మునస్వామి ‘మనవాడు’ కాదా అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. మునస్వామి కూతురు లేకుంటే మీరెవరూ లేరు కదమ్మా అన్నాను. ఆ కూతురి పేరు ఏ కాగితంలోనూ లేదు, 1931 పత్రంలో కూడా ‘కుమార్తె’ అనే ఉంది. ఆ గడిలోనూ పేరు రాయలేకపోయాను.

ఆ ఏడాది మహాలయ అమావాస్యకు ఆవిడ తమ్ముడు కపిలతీర్థంలో తర్పణాలు వదిలారు. నన్ను కూడా రమ్మన్నారు, వెళ్ళాను. ప్రపితామహ స్థానంలో ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చిన మునస్వామి పేరు తీసి చెంగల్రాయుడి పేరు చెప్పారు. చివర కారుణ్య తర్పణాల దగ్గర పురోహితులు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, మునస్వామి పేరు చెప్పి, ఆయన కూతురు అని మాత్రం చెప్పి, నువ్వులూ నీళ్ళూ వదిలారు.